పిల్లల ముక్కుపై పుట్టుకతో వచ్చే గడ్డకు ఆరోగ్యశ్రీ శస్త్రచికిత్స: తెలంగాణలో దరఖాస్తు విధానం

పసిబిడ్డకు ముక్కు దూలం మీదనో, కనుబొమల నడుమనో, ముక్కు రంధ్రం లోపలనో పుట్టుకతోనే గడ్డ కనిపిస్తే, కాగితాల సంగతి చూసేలోపే తల్లిదండ్రులు ఒక జాగ్రత్త పాటించాలి. స్కానింగ్ పూర్తయ్యే వరకు ఆ గడ్డను సూదితో పొడవడానికి గానీ, పరీక్ష కోసం ముక్క తీయడానికి గానీ ఎవరికీ ఒప్పుకోకూడదు. సుమారు 20,000 నుంచి 40,000 జననాలకు ఒకటిగా కనిపించే ఈ గడ్డల్లో ముఖ్యమైనవి డెర్మాయిడ్ (చర్మ కణాలు లోపల చిక్కుకుని ఏర్పడే తిత్తి), గ్లయోమా (మెదడు కణజాలం పుర్రె బయట ఉండిపోయి ఏర్పడే గడ్డ), ఎన్‌సెఫలోసీల్. చిన్న గుంటలోంచి వెంట్రుక బయటికి వస్తే అది డెర్మాయిడ్ కావచ్చు. బిడ్డ ఏడ్చినప్పుడు గడ్డ ఉబ్బితే ఎన్‌సెఫలోసీల్ అని, అంటే పుర్రెలోని సందు గుండా మెదడు పొర, మెదడు భాగం బయటికి జారాయని, అనుమానించాలి. గ్లయోమా పేరు భయపెట్టేదే అయినా అది కేన్సరు కాదు. అయితే దాదాపు 15 శాతం కేసుల్లో దానికి సన్నని కాడలాగా మెదడు పొరతో సంబంధం ఉంటుంది. తొందరపడి కోస్తే మెదడు నీరు కారి మెనింజైటిస్ (మెదడు పొరల ఇన్‌ఫెక్షన్) సోకే ప్రమాదం ఉంది.

ఆరోగ్యశ్రీ కోసం తల్లిదండ్రులు ముందుగా మీసేవలో దరఖాస్తు పెట్టవలసిన పని లేదు. పథకంలో ఉన్న ఆసుపత్రికి బిడ్డను తీసుకువెళితే, అక్కడి కౌంటరులో ఉండే ఆరోగ్యమిత్ర ఆహార భద్రత కార్డు, ఆధార్ చూసి పేరు నమోదు చేస్తారు. చిక్కు వచ్చేది ఎక్కువగా ఇక్కడే, ఎందుకంటే నెలల బిడ్డ పేరు కార్డులో ఎక్కి ఉండదు. అందుకే జనన ధ్రువపత్రం, తల్లిదండ్రుల ఆధార్, బిడ్డతో కలిసి దిగిన ఫొటో వెంట ఉంచుకుని, ఇంకేమైనా కావాలా అని ఆరోగ్యమిత్రనే ముందుగా అడగడం మేలు. అయిదేళ్లలోపు పిల్లలకు వేలిముద్రలు లేకుండానే ఆధార్ ఇస్తారు కాబట్టి దానికీ వెంటనే దరఖాస్తు చేయవచ్చు.

అంగన్‌వాడీ ద్వారా వెళ్లే దారి కూడా ఉంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు పుట్టుక లోపాలున్న పిల్లలను గుర్తించి జిల్లా సత్వర చికిత్స కేంద్రానికి పంపుతాయి. ఆ కార్యక్రమం గుర్తించే లోపాల జాబితాలో ఎన్‌సెఫలోసీల్ నాడీనాళ లోపాల (మెదడు, వెన్నుపాము ఏర్పడేటప్పుడు వచ్చే లోపాల) కిందికి వస్తుంది.

నమోదైన తరువాత చెవి, ముక్కు, గొంతు వైద్యుడు బిడ్డను పరీక్షించి ఎంఆర్ఐ, అవసరమైతే సీటీ స్కాన్ రాస్తారు. గడ్డకు మెదడుతో సంబంధం కనిపిస్తే న్యూరోసర్జన్ కూడా ఉన్న ఆసుపత్రికి మారడమే మంచిది; ఈ మార్పు అనుమతికి ముందే జరిగితే కాగితాలు రెండోసారి తిరగవు. ఆ పిమ్మట ఆసుపత్రి వారు స్కాన్ ఫిల్ములు, వైద్యుని నివేదిక జతచేసి ముందస్తు అనుమతి కోరతారు. నవజాత శిశువులు ప్రధానంగా ముక్కుతోనే ఊపిరి తీస్తారు గనుక, గడ్డ ముక్కును మూసేస్తున్నట్లయితే అత్యవసర కేసుగా పంపమని వైద్యుని అడగాలి.

పథకం పరిమితి 2023 డిసెంబరు నుంచి కుటుంబానికి ఏటా 10 లక్షల రూపాయలు. అనుమతి పొందిన చికిత్సకు ఎవరైనా డబ్బు అడిగితే 104కు ఫోన్ చేసి ఫిర్యాదు చేయవచ్చు. డిశ్చార్జి అయ్యేటప్పుడు డిశ్చార్జి సమ్మరీతో పాటు తీసిన గడ్డ బయాప్సీ నివేదికను, స్కాన్ ఫిల్ములను కూడా అడిగి తీసుకోవాలి, ఎందుకంటే డెర్మాయిడ్ అడుగున కొంచెం మిగిలినా తిరిగి పెరుగుతుంది, అప్పుడు పాత ఫిల్ములతోనే పోల్చి చూస్తారు.