ఒక్క రోజులో ఫోర్ట్ కొచ్చి, మట్టాంచేరి

కేరళలోని కొచ్చిలో ఈ రెండు చోట్లూ చూడాలంటే, ముందుగా ఆ రోజు ఏ వారమో చూసుకోండి. శుక్రవారం మట్టాంచేరి ప్యాలెస్, శనివారం యూదుల ప్రార్థనా మందిరం మూసి ఉంటాయి. ఆ రెండు రోజులూ వదిలేస్తే మంచిది.

ఎర్నాకుళం జెట్టీ నుంచి పొద్దున్నే పడవెక్కండి. ఇరవై నిమిషాల్లో ఫోర్ట్ కొచ్చి చేరతారు. రోడ్డు మీద వెళితే ట్రాఫిక్‌లోనే పొద్దెక్కిపోతుంది.

మొదట చైనా వలలు, అంటే ఒడ్డున పొడవాటి దుంగలకు కట్టిన పెద్ద చేపల వలలు చూడండి. దూరం నుంచి ఫొటో తీసుకుని వచ్చేయకుండా పది నిమిషాలు పక్కన నిలబడండి. వల పైకి లేచేటప్పుడు దుంగ వెనక తాళ్లకు వేలాడే బండరాళ్లు బరువుకు బరువు తూగుతాయి. అందుకే అంత పెద్ద వలనైనా నలుగురైదుగురు లాగగలుగుతారు. జాలర్లు తాడు పట్టుకోమని పిలిస్తే ముందే డబ్బు సంగతి తేల్చుకోండి.

దగ్గర్లోనే సెయింట్ ఫ్రాన్సిస్ చర్చి. 1524లో చనిపోయిన వాస్కో డ గామాను మొదట ఇక్కడే పాతిపెట్టారు. తర్వాత అస్థికలను పోర్చుగల్ తీసుకెళ్లారు.

ఎండ ముదరకముందే ఆటోలో మట్టాంచేరికి వెళ్లండి. ప్యాలెస్‌లో రామాయణ కుడ్యచిత్రాలకే ఎక్కువ సమయం ఇవ్వండి, తొందరపడితే ఏమీ మిగలదు. 1568 నాటి ప్రార్థనా మందిరం అక్కడికి నడక దూరమే. మధ్యాహ్నం కాసేపు మూస్తారు కాబట్టి పన్నెండులోపే చేరండి. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోండి, చెప్పులు బయటే విడవాలి. లోపల తల దించి నేల చూడండి: చైనా నుంచి తెచ్చిన నీలి పూల పలకలు, అన్నీ చేత్తో వేసినవే.

యాలకులు, మిరియాలు కొనాలంటే నాలుగు కొట్లలో ధర అడిగాకే కొనండి. సాయంత్రం తిరుగు పడవకు చీకటి పడకముందే క్యూలో నిలబడండి.