బోరు నీటిలోకి యూరియా దిగకుండా ఊరు చేసుకోవలసిన ఏర్పాటు: పరీక్ష, మోతాదు, రుసుము

చేలో చల్లిన యూరియా తడి తగిలిన కొద్ది రోజుల్లోనే అమ్మోనియంగాను, ఆ తరువాత నేలలోని సూక్ష్మజీవుల వల్ల నైట్రేట్‌గాను మారుతుంది. అమ్మోనియాన్ని బంకమట్టి రేణువులు పట్టి ఉంచుతాయి గాని నైట్రేట్‌ను పట్టి ఉంచలేవు కనుక, వేళ్లు తీసుకోగా మిగిలినది ఒక గట్టి వాన పడినా, అవసరానికి మించి నీరు కట్టినా పాదుల కిందికి దిగిపోతుంది. ఎర్రనేలల్లో, చల్కల్లో, ఇసుక పాలు ఎక్కువగా ఉన్న నేలల్లో ఈ దిగుడు మరింత వేగంగా జరుగుతుంది. తెలంగాణలోను రాయలసీమలోను చాలా ఊళ్లకు కింద రాతి పగుళ్లలో నిలిచిన నీరే ఆధారం. చేనికి పారేదీ, ఇంట్లో తాగేదీ అదే నీరు.

భారతీయ ప్రమాణాల సంస్థ తాగునీటికి పెట్టిన హద్దు లీటరుకు 45 మిల్లీగ్రాముల నైట్రేట్. వేరే నీరు దొరకని చోట కొన్ని లవణాలకు సడలింపు ఇచ్చిన ఆ ప్రమాణం నైట్రేట్‌కు మాత్రం ఇవ్వలేదు. ఆరు నెలల లోపు పసిపిల్లలకు ఈ నీటితో డబ్బా పాలు కలిపి పట్టిస్తే రక్తం ప్రాణవాయువును మోయలేక ఒళ్లు నీలంగా మారే ప్రమాదం ఉంది. కాచి చల్లార్చితే సరిపోతుందన్న నమ్మకాన్ని ఊళ్లో ముందుగా పోగొట్టాలి, ఎందుకంటే మరిగించినప్పుడు నీరు ఆవిరై నైట్రేట్ మిగులుతుంది, అంటే గాఢత పెరుగుతుంది. కేంద్ర భూగర్భజల మండలి 2024లో వెలువరించిన నివేదిక ప్రకారం దేశంలో పరీక్షించిన నమూనాల్లో సుమారు 20 శాతం ఈ హద్దు దాటాయి, అలాంటి నమూనాలు 440 జిల్లాల్లో కనిపించాయి.

ముందు నీటిని చూడాలి

ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందు మే నెలలోను వానలు తగ్గాక నవంబరులోను, అవే బోర్ల నుంచి నమూనాలు తీయాలి. ఊరి మధ్యలో రెండు, తాగునీటి పథకానికి నీరిచ్చే బోరు, మెట్టపంటల మధ్య మూడు, వరి మడుల మధ్య రెండు ఉంటే మొదటి ఏడాదికి చాలు. మోటారు వేసి పది నిమిషాలు నీటిని వదిలేసి, శుభ్రమైన ప్లాస్టిక్ సీసాను అదే నీటితో మూడుసార్లు తొలిచి, నిండుగా పట్టి మూత బిగించి, బోరు యజమాని పేరు, తేదీ, లోతు చీటీ మీద రాసి అంటించాలి. సీసాలను మంచు పెట్టెలో పెట్టి మరునాటికల్లా గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలకు చేర్చాలి. ఎండలో రెండు రోజులు మగ్గిన సీసా చెప్పే అంకెను నమ్మలేము.

జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు చొప్పున, వీలైనంతవరకు మహిళలకే, క్షేత్ర పరీక్ష కిట్ వాడటంలో శిక్షణ ఇవ్వాలన్న నిబంధన ఉంది. మీ ఊళ్లో ఆ కిట్ ఏదో బీరువాలో ఉండిపోయి ఉంటే బయటికి తీయించి, రసాయనాల గడువు తేదీ చూడండి. చిన్న గాజు గొట్టంలో నీరు పోసి పొడి కలిపి కొద్ది నిమిషాలు ఆగితే నీరు మెల్లగా గులాబీ రంగుకు తిరుగుతుంది, రంగు ఎంత ముదిరితే నైట్రేట్ అంత ఎక్కువ. ప్రయోగశాల కాగితం మీది అంకె కంటే తన బోరు నీరు తన కళ్ల ముందే రంగు మారడం రైతును ఎక్కువగా కదిలిస్తుంది కాబట్టి ఈ పరీక్షను రచ్చబండ దగ్గర అందరి ఎదుటా చేయించడం మంచిది.

వచ్చిన ఫలితాలను ఊరి పటం మీద గుర్తించినప్పుడు ఇళ్ల మధ్య బోర్లలోనే నైట్రేట్ ఎక్కువగా ఉండి పొలాల బోర్లలో తక్కువగా ఉంటే, దోషం యూరియాది కాకపోవచ్చు. సెప్టిక్ ట్యాంకులు, పెంటకుప్పలు, పశువుల పాకల మురుగు కూడా నైట్రేట్‌నే దింపుతాయి. ఈ తేడా తేల్చకుండా రైతుల మీద నింద వేసి మొదలుపెట్టిన పని ముందుకు సాగదు.

బోరు దగ్గర చూడవలసినవి రెండున్నాయి. కేసింగ్ పైపు చుట్టూ ఖాళీ ఉంటే పైనీరు నేరుగా లోపలికి జారుతుంది. దాన్ని సిమెంటుతో పూడ్చి చుట్టూ వాలుగా గచ్చు వేయాలి. రెండోది డ్రిప్పు ద్వారా ఎరువు ఇచ్చే చోట వస్తుంది. ఎరువు కలిపిన నీరు పైపులో ఉండగా కరెంటు పోతే, నీరు వెనక్కి జారుతూ ఆ ద్రావణాన్ని బోరులోకి లాగేస్తుంది. బోరుకూ, ఎరువు ద్రావణాన్ని పైపులోకి పీల్చే వెంచురికీ మధ్య, నీటిని వెనక్కి రానివ్వని నాన్ రిటర్న్ వాల్వ్ లేని ప్రతి చోటా ఈ ప్రమాదం ఉంది, దాన్ని తప్పించే ఖర్చు మాత్రం చాలా చిన్నది.

మోతాదు లెక్క

వరికి ప్రాంతాన్ని, కాలాన్ని బట్టి సిఫారసులు మారుతాయి. ఎకరాకు 48 కిలోల నత్రజని అనుకుని లెక్క వేద్దాం. 50 కిలోల డి.ఎ.పి. బస్తాలో 9 కిలోల నత్రజని, 45 కిలోల యూరియా బస్తాలో 20.7 కిలోలు ఉంటుంది. ఒక బస్తా డి.ఎ.పి. వేస్తే మిగిలిన 39 కిలోలకు రెండు బస్తాల లోపు యూరియా సరిపోతుంది. ఆ డి.ఎ.పి.తో పాటు మూడున్నర బస్తాల యూరియా వేసిన చేనికి అందేది 81 కిలోలు, అంటే 33 కిలోలు అదనం. ఈ అదనంలో కొంత గాలిలో కలుస్తుంది, కొంత ఏపుగా పెరిగి పడిపోయే పైరులోకి, దాన్ని వెతుక్కుంటూ వచ్చే, రసం పీల్చే దోమకు చేరుతుంది, మిగిలినది నీటిలోకి దిగుతుంది. నిలవనీటి వరిమడిలో గాలి ఆడదు గనుక నైట్రేట్ కొంత వాయువుగా మారి పోతుంది. మొక్కజొన్న, మిరప, కూరగాయల చేలల్లో అంతగా పోదు, కనుక జాగ్రత్త అక్కడే ఎక్కువ కావాలి.

యూరియాను దుక్కిలో, పిలక దశలో, చిరుపొట్ట దశలో మూడుసార్లుగా వేయాలని రైతులందరికీ తెలుసు. పైపాటుగా ఎంత వేయాలో చేను చూసి చెప్పే సాధనం ఆకురంగు పట్టిక: నాలుగైదు పచ్చరంగు గళ్లున్న ఆ చిన్న పట్టికను వరి ఆకు పక్కన, మన నీడ పడేలా నిలబడి, పెట్టి చూస్తే చాలు, ఆకు నిర్ణీత గడి కంటే పచ్చగా ఉంటే ఆ వారం యూరియా అక్కరలేదు. వాన మబ్బు కమ్మిన రోజున చల్లకపోవడం, చల్లిన వెంటనే గట్లు తెంచి నీరు వదలకపోవడం కూడా లెక్కలోనివే.

ఇంకొక లెక్కను మన వద్ద ఎవరూ వేయడం లేదు. బోరు నీటిలో లీటరుకు 100 మిల్లీగ్రాముల నైట్రేట్ ఉంటే, ఎకరంలో ఒక అంగుళం మందాన నీరు పారించిన ప్రతిసారీ సుమారు 2.3 కిలోల నత్రజని ఆ నీటితోనే చేనికి అందుతుంది. పంటకాలంలో 16 అంగుళాల నీరు పెట్టే మొక్కజొన్నకు అది 37 కిలోలు. అందులో సగమే పైరుకు దక్కుతుందనుకున్నా దాదాపు ఒక బస్తా యూరియా ఆదా చేయవచ్చు. పైగా ఆ నైట్రేట్ నేల కింది నుంచి పైకి వచ్చి పైరులో చేరి ఊరి నీటిని కొద్దికొద్దిగా శుభ్రం చేస్తుంది.

రుసుము ఎవరి మీద, దేనికి

ఈ పనులకు డబ్బు కావాలి, దానికి ఒక దారి రుసుము. అమెరికాలోని అయోవా రాష్ట్రం 1987లో భూగర్భజల పరిరక్షణ చట్టం చేసి, నత్రజని ఎరువుల మీద టన్నుకు 75 సెంట్ల రుసుమును, పురుగుమందుల నమోదు మీద మరికొంత రుసుమును పెట్టింది. అంత చిన్న మొత్తం చూసి ఏ రైతూ ఎరువు తగ్గించడు. దాని బలం ఖర్చులో ఉంది: ఆ డబ్బులో ఒక భాగంతో అయోవా రాష్ట్ర విశ్వవిద్యాలయంలో సుస్థిర వ్యవసాయానికి లియోపోల్డ్ కేంద్రం ఏర్పడి, ఏళ్ల తరబడి పరిశోధన నడిపింది. 2017లో శాసనసభ ఆ నిధులను ఆపేయడంతో కేంద్రం దాదాపు మూతపడే స్థితికి వచ్చింది. రుసుము పెట్టినవారే దాన్ని మళ్లించకుండా కట్టడి ఉండాలన్న పాఠం మనకు అందులో ఉంది.

మన దగ్గర బస్తా మీద రుసుము వేయడం ఊరి చేతిలో లేదు. యూరియా గరిష్ఠ ధరను కేంద్రం నిర్ణయిస్తుంది. అంతకు మించి ఒక రూపాయి తీసుకున్నా డీలరు 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కింద నేరస్థుడవుతాడు. కాబట్టి రుసుమును బోరు మీద, అది కూడా రైతులు తమంతట తాము చేరిన సంఘం ద్వారా పెట్టుకోవాలి. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద నమోదైన సంఘం సభ్యత్వ రుసుమును తన సర్వసభ్య సమావేశంలో నిర్ణయించుకోవచ్చు.

ఉదాహరణకు 120 బోర్లున్న ఊళ్లో పంటకాలానికి బోరుకు 400 రూపాయలు పెడితే 48,000 రూపాయలు వస్తాయి. వేసిన బస్తాల లెక్కతో ఎరువుల పుస్తకం రాసి, భూసార పరీక్ష చేయించి, ఆకురంగు పట్టిక ప్రకారం వేసినవారికి పంట చివర 200 తిరిగి ఇవ్వాలి. సగం మంది అర్హులైతే 12,000 వెనక్కి వెళ్లి 36,000 నిధిలో మిగులుతుంది. కౌలు రైతు ఉన్న చోట రుసుము బోరు యజమాని కట్టాలి, వాపసు మాత్రం యూరియా చల్లిన చెయ్యి ఎవరిదో వారికే అందాలి.

ఇప్పటికే ఊళ్లు నైట్రేట్‌కు మరో రూపంలో రుసుము కడుతూనే ఉన్నాయి. 20 లీటర్ల డబ్బా కొన్న ప్రతి ఇల్లూ కడుతోంది. పంచాయతీ నడిపే శుద్ధి ప్లాంటు ఉంటే డబ్బాకు అర్ధరూపాయి ఈ నిధికి కలపవచ్చునని కొందరు అంటారు. నేను దానికి ఒప్పుకోను. సెంటు భూమి లేని కూలీ ఇల్లు ఒక్క గింజ యూరియా చల్లలేదు, దానికి పరిహారం ఆ ఇంటి మీద పడకూడదు. ఆ ప్లాంటు వదిలే వ్యర్థజలంలో నైట్రేట్ చిక్కబడి ఉంటుంది. దాన్ని ఇంకుడు గుంతలోకి మళ్లించకుండా చెట్లకో పశుగ్రాసపు మడికో పారించాలని తీర్మానం చేయించండి.

నిధిలో పెద్ద భాగాన్ని హామీకి కేటాయించాలని నా అభిప్రాయం. అప్పు చేసి సాగు చేసే రైతుకు మూడో బస్తా ధైర్యం కోసం కొనుక్కున్నది. తగ్గిస్తే దిగుబడి పడిపోతుందేమోనన్న భయం మాటలతో తీరదు. ముందుకు వచ్చిన రైతు చేనులో అర ఎకరం పాత పద్ధతిలో, అర ఎకరం సిఫారసు మోతాదులో వేయించి, కోతల నాడు రెండింటిలోనూ ఐదేసి మీటర్ల పొడవు వెడల్పులున్న గళ్లను కోసి, అందరి ఎదుట తూచాలి. కొత్త పద్ధతిలో తగ్గిన ప్రతి కిలోకు మద్దతు ధర చొప్పున నిధి నుంచి చెల్లిస్తామని ముందే కాగితం రాసి ఇవ్వాలి. మిగిలిన డబ్బు పరీక్షలకు, పరీక్ష చేసే మహిళల గౌరవ వేతనానికి, పచ్చిరొట్ట ఎరువు కోసం జీలుగ, జనుము విత్తనాలకు సరిపోతుంది.

బ్యాంకు ఖాతా సంఘం పేరుతోనే ఉండాలి, ముగ్గురిలో ఇద్దరి సంతకాలు, వారిలో ఒకరు మహిళ, ఉంటేనే డబ్బు కదలాలి. వేరే పనికి వాడాలంటే మూడింట రెండు వంతుల సభ్యులు ఒప్పుకోవాలని నియమావళిలో రాయించండి. 2003 తరువాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరువు జిల్లాల్లో రైతులే బోర్ల నీటిమట్టాలను, వానను కొలిచి గోడల మీద రాసి, దాన్ని బట్టి పంటలు నిర్ణయించుకున్న పథకం నడిచింది. అలాంటి గోడ పట్టిక మీద నైట్రేట్‌కు ఒక గడి, నిధి జమాఖర్చులకు ఇంకొక గడి చేర్చి, మే, నవంబరు నెలల్లో నింపాలి.

మొదటి రెండు మూడేళ్లలో అంకె కదలకపోతే కంగారు పడనవసరం లేదు. ఇదివరకు దిగిన నైట్రేట్ ఇంకా నేల పొరల్లో ప్రయాణిస్తూ ఉంటుంది కాబట్టి, ఆ కాలంలో ఎరువుల పుస్తకాల్లోని బస్తాల సంఖ్య తగ్గిందా లేదా అన్నదే చూడాలి. 45 దాటిన బోర్ల నీటిని మాత్రం ఆ లోగా పసిపిల్లలున్న ఇళ్లకు తాగడానికి వాడనివ్వకండి, ఆ బోర్ల మీద ఎర్రరంగు గుర్తు వేయించండి.