స్టార్టింగ్ సౌండ్ మీద వారంటీకి బండి ఇచ్చేముందు

పొద్దున్నే సెల్ఫ్ కొడితే గరగరమని సౌండొచ్చి బండి స్టార్ట్ అవ్వట్లేదా? అయితే ముందు ఆటోనగర్‌లో తెలిసిన మెకానిక్ చేత ఇంజన్ కవర్ విప్పించొద్దు, వాళ్ళు ఎంత మంచి పనోళ్ళైనా సరే, బయట చెయ్యి పడిందంటే సర్వీస్ సెంటర్ వాళ్ళు వారంటీ రాదనేస్తారు.

ఈ సౌండ్ చాలా బళ్ళకి ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే వస్తది, మీరు ఎండలో బెంజి సర్కిల్ ట్రాఫిక్ దాటుకుని సర్వీస్ సెంటర్‌కి వెళ్ళేసరికి వేడెక్కి బుద్ధిగా స్టార్టయిపోద్ది, ఏం లేదండీ బానే ఉంది అని పంపిచ్చేస్తారు. అందుకే ఇంటి దగ్గరే వీడియో తియ్యండి, మీటర్లో కిలోమీటర్లు కూడా కనపడాలి. కుదిరితే రాత్రికి బండి అక్కడే వదిలేసి పొద్దున్నే వాళ్ళ చేతే సెల్ఫ్ కొట్టించండి.

టకటకమని కొట్టుకుంటే బ్యాటరీ వీక్ అయ్యుండొచ్చు, దాని వారంటీ మామూలుగా వేరే ఉంటది, ఆ కార్డు కూడా పట్టుకెళ్ళండి. మోటర్ తిరుగుతా ఇంజన్ తిరక్కపోతే సెల్ఫ్ క్లచ్ (మోటర్ తిరుగుడుని ఇంజన్‌కి అందించే భాగం) చూడమనండి.

సర్వీస్ బుక్కు, బిల్లులు సరేసరి.

జాబ్ కార్డులో, అంటే బండి తీసుకునేటప్పుడు వాళ్ళు రాసే కాగితంలో, జనరల్ చెకప్ అని రాస్తే సంతకం పెట్టొద్దండీ ప్లీజ్, కంప్లైంట్ ఉన్నదున్నట్టు రాయించి కాపీ తీస్కోండి, రేపు వారంటీ డేట్ దాటిపోయినా ముందే చెప్పామనడానికి ఆ కాగితమే ఆధారం. అయినా మిమ్మల్ని ఊరికే తిప్పుతుంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యండి.