చేతి గేమ్ కన్సోల్ మొరాయిస్తోందా? పారేసే ముందు ఇవి చూడండి

గేములన్నీ లోపలే ఉండి తక్కువ ధరకు దొరికే చేతి కన్సోళ్లు ప్రధానంగా రెండు రకాలు. డబ్బా మీద 400 గేములు అని రాసి ఉండే చిన్నది ఒకటి. 1983లో జపాన్‌లో విడుదలైన నింటెండో గేమ్ కన్సోల్ ఫ్యామికామ్ పనంతా ఇందులో ఒక్క చిప్ చేసేస్తుంది. రెండోది లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌తో నడిచేది, దాని గేములు మెమరీ కార్డులో ఉంటాయి. కార్డు పెట్టే సందు ఉంటే మీది సాధారణంగా రెండో రకం. ముందు ఈ సంగతి తేల్చుకోండి, ఎందుకంటే ఒకదాని వైద్యం ఇంకోదానికి పనికిరాదు.

ఏ రకమైనా, పనిచేయడం మానేయగానే బోర్డు పోయిందనుకోవద్దు. ముందు అనుమానించాల్సినవి మూడు: బ్యాటరీ, బటన్ల కింది రబ్బరు, రెండో రకమైతే మెమరీ కార్డు. మూడింటినీ మార్చుకోవచ్చు.

స్విచ్ వేస్తే ఉలుకూ పలుకూ లేదు

మొదట కేబుల్ చూడండి. కన్సోల్‌కి టైప్-సి సాకెట్ ఉండి, మీరు రెండు వైపులా టైప్-సి పిన్ ఉన్న కేబుల్ వాడుతుంటే, ఛార్జింగ్ లైటు వెలగకపోవడానికి కారణం అదే కావచ్చు. టైప్-సి ఛార్జర్ తనంతట తాను కరెంటు ఇవ్వదు. అవతలి పరికరంలో 5.1 కిలోఓమ్‌ల రెసిస్టర్ కనబడితేనే ఇస్తుంది. ఖర్చు తగ్గించుకోవడానికి కొన్ని చౌక కన్సోళ్లలో ఆ రెసిస్టర్లు పెట్టరు. పైసా కూడా విలువ చేయని భాగం మానేసి, కొన్నవాళ్లను ఇంత టెన్షన్ పెట్టడం అన్యాయం. ఒకవైపు పాతరకం వెడల్పు యూఎస్‌బీ పిన్, ఇంకోవైపు టైప్-సి ఉన్న కేబుల్‌ని మామూలు 5 వోల్టుల, 1 ఆంపియర్ ఛార్జర్‌కి తగిలించండి. లైటు వెలిగితే కన్సోల్‌లో రిపేరు చేయాల్సిందేమీ లేనట్టే.

కేబుల్ బాగానే ఉంటే బ్యాటరీ సంగతి చూడాలి. చిన్న కన్సోళ్లలో తరచుగా ఉండేది పాత నోకియా ఫోన్లలో వాడిన బీఎల్-5సీ రకం, 3.7 వోల్టులది. వెనక మూత తీసి, బ్యాటరీని బయటికి లాగి, రాగి రంగు పిన్నులనూ బ్యాటరీ మీది పట్టీలనూ పొడి గుడ్డతో తుడవండి. పిన్ను లోపలికి అణిగిపోయి ఉంటే సన్నటి మొనతో కొద్దిగా పైకి లేపండి. నెలల తరబడి అల్మరాలో పడున్న కన్సోల్ అయితే బ్యాటరీ పూర్తిగా దిగిపోయి, అందులోని రక్షణ సర్క్యూట్ దారి మూసేసి ఉంటుంది. అప్పుడు లైటు వెలగకపోయినా, మీ కళ్ల ముందే, ఓ అరగంట ఛార్జింగ్‌లో ఉంచి చూడండి. మల్టీమీటర్ ఉంటే ఇంకా సులువు. నిండా ఛార్జ్ అయిన బ్యాటరీ 4.2 వోల్టుల దగ్గర చూపిస్తుంది. ఎంత ఛార్జ్ చేసినా 3 దాటకపోతే మార్చేయాల్సిందే.

బ్యాటరీ ఉబ్బితే మాత్రం ఛార్జింగ్ పెట్టకండి, నొక్కకండి, గుచ్చకండి. ఈ-వ్యర్థాలు తీసుకునే చోట అప్పగించండి.

రెండు తీగలతో బోర్డుకి తగిలించే బ్యాటరీ మారుస్తుంటే ఒక్క క్షణం ఆగండి. కొత్తదాని కనెక్టర్ పాతదానిలాగే ఉండొచ్చు, కానీ ఎరుపు, నలుపు తీగలు తారుమారుగా ఉండే అవకాశం ఉంది. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి రంగులు సరిపోయాకే గుచ్చండి. తిరగేసి గుచ్చితే బోర్డు నిజంగానే కాలిపోతుంది.

లైటు వెలుగుతోంది, లోగో దగ్గరే ఆగిపోతోంది

ఇది లినక్స్ రకానికి వచ్చే జబ్బు. పవర్ బటన్‌ని పది, పదిహేను సెకన్లు నొక్కి పట్టుకుని మళ్లీ ఆన్ చేయండి. లాభం లేకపోతే కార్డు తీసి మళ్లీ పెట్టండి. అప్పటికీ అంతే అయితే కార్డు పాడయినట్టే లెక్క. కన్సోల్‌తో పాటు వచ్చే పేరూ ఊరూ లేని కార్డులను నేను అస్సలు నమ్మను. అందుకే కన్సోల్ కొన్న రోజే కార్డుని కంప్యూటర్‌కి పెట్టి, విన్32 డిస్క్ ఇమేజర్ లాంటి ప్రోగ్రామ్‌తో మొత్తం కార్డుని ఒక ఇమేజ్ ఫైలుగా, అంటే అచ్చు నకలుగా, దాచుకోవాలి.

కార్డు పెట్టగానే విండోస్ ‘ఫార్మాట్ చేయాలా’ అని అడుగుతుంది. వద్దనండి. కార్డులో లినక్స్ భాగాలుంటాయి, అవి విండోస్‌కి అర్థం కాక అలా అడుగుతుంది. అక్కడ సరే అని నొక్కడంతో బాగున్న కార్డులు కూడా పోతాయి.

దాచిన ఇమేజ్‌ని మంచి కంపెనీ కార్డు మీద రాసుకుంటే కన్సోల్ మళ్లీ లేస్తుంది. 64 జీబీ ఇమేజ్‌కి 128 జీబీ కార్డు తీసుకోండి. రెండు 64 జీబీ కార్డుల అసలు సైజు కొంచెం తేడాగా ఉంటుంది, ఆ కొంచెంతోనే ఇమేజ్ పట్టకుండా పోతుంది. ఆర్36ఎస్ లాంటి లినక్స్ కన్సోళ్లలో ఇంకో చిక్కుంది. బయటికి ఒకేలా కనిపించినా లోపల రకరకాల స్క్రీన్లు వాడారు. వేరే చోటినుంచి తెచ్చిన సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే సౌండ్ వస్తుంది, బొమ్మ రాదు. పాత కార్డు ఇంకా చదవగలిగితే అందులోని డీటీబీ ఫైలుని (పేరు చివర .dtb ఉండేది) కొత్తదానిలోకి కాపీ చేయండి, స్క్రీన్ వివరాలు అందులోనే ఉంటాయి.

బటన్ గట్టిగా నొక్కితేనే పనిచేస్తోంది

బటన్ కింద రబ్బరు ప్యాడ్, దాని అడుగున నల్లటి కార్బన్ బిళ్ల ఉంటాయి. బటన్ నొక్కితే ఆ బిళ్ల బోర్డు మీద దువ్వెన పళ్లలా అల్లుకున్న గీతలను కలుపుతుంది. మధ్యలో చెమట, జిడ్డు చేరితే కలవదు. కుడివైపు నొక్కితే బొమ్మ కిందికి కూడా జారుతోందంటే, ప్యాడ్ సరిగ్గా కూర్చోక పక్క బిళ్ల కూడా తగులుతోందని అర్థం.

ముందు బ్యాటరీ తీసేయండి. వెనక స్క్రూలు విప్పి, స్క్రీన్‌కి వెళ్లే పల్చటి రిబ్బన్ లాగకుండా బోర్డు పైకెత్తండి. 90 శాతం పైబడిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన దూదిపుల్లతో గీతలు తుడవండి. కార్బన్ బిళ్లని మెల్లగా అద్దితే చాలు, గీకితే నలుపు ఊడొస్తుంది. మూసేటప్పుడు స్క్రూని ముందు వెనక్కి తిప్పండి. టక్కుమని పాత గాడిలో పడ్డాక బిగిస్తే ప్లాస్టిక్ అరగదు. మరీ బిగించినా బటన్లు ఇరుక్కుంటాయి.

ఆడిందంతా పోతోంది, బొమ్మ మెరుస్తోంది

400 గేముల రకంలో సేవ్ చేసే ఏర్పాటే ఉండకపోవచ్చు. ఆపితే స్కోరు పోతుంది, దాన్ని రిపేరు చేయలేం. అవే గేములు వేరే పేర్లతో మళ్లీ కనిపించడం కూడా అంతే. లినక్స్ రకంలో మాత్రం తప్పు ఆపే పద్ధతిలో ఉంటుంది. చాలా గేముల సేవ్ ఫైలు గేము నుంచి బయటికి వచ్చేటప్పుడే కార్డు మీద పడుతుంది. మెనూలోకి వెళ్లి గేము మూశాకే పవర్ ఆపండి.

నింటెండో పాత చేతి కన్సోల్ గేమ్ బాయ్ అడ్వాన్స్ గేముల్లో బొమ్మ కదిలేటప్పుడు అంచులు మెరుస్తుంటే స్క్రీన్‌ని తిట్టకండి. ఆ గేముల బొమ్మ 240×160 చుక్కలు, మీ స్క్రీన్ 640×480 అయితే వెడల్పులో ఒక్కో చుక్క రెండున్నరకు పైగా సాగాలి. కొన్ని చుక్కలు లావుగా, కొన్ని సన్నగా వస్తాయి. సెట్టింగ్స్‌లో ఇంటీజర్ స్కేలింగ్ (ప్రతి చుక్కనీ ఒకేలా, సరిగ్గా పూర్తి రెట్లకే పెంచడం) ఆన్ చేస్తే బొమ్మ చిన్నదవుతుంది కానీ శుభ్రంగా ఉంటుంది. నాకైతే అదే ఇష్టం.

టీవీలో బొమ్మ నలుపు తెలుపు, స్పీకర్లో గుర్రుమని మోత

మోత వస్తుంటే వీడియో వెళ్లాల్సిన తీగ సౌండ్ సాకెట్‌లో ఉన్నట్టు. కన్సోల్‌ని టీవీకి కలిపే కేబుళ్ల 3.5 మిల్లీమీటర్ల పిన్నులో వరస ఒక్కో తయారీదారుది ఒక్కోలా ఉంటుంది. రంగులు పట్టించుకోకుండా పసుపు, ఎరుపు, తెలుపు పిన్నులు ఒక్కొక్కటిగా మార్చి చూడండి. టీవీ బొమ్మలో రంగులు లేకపోయినా, బొమ్మ పైకి దొర్లుతున్నా టీవీ సెట్టింగ్స్‌లో పాల్, ఎన్‌టీఎస్‌సీ అనే రెండు వీడియో పద్ధతులను మార్చి చూడండి.

కన్సోల్ స్పీకరే మూగబోతే ఇయర్‌ఫోన్ పిన్నుని సాకెట్‌లో నాలుగైదు సార్లు పెట్టి తీయండి, లోపలి స్విచ్ ఇరుక్కుని ఉంటుంది. వాల్యూమ్ చక్రం తిప్పినప్పుడు గరగరమంటే దాన్ని ఈ చివరి నుంచి ఆ చివరికి పదిసార్లు తిప్పితే దుమ్ము వదులుతుంది.