పీహెచ్‌పీ అరేలో కొత్త సరుకు చేర్చగానే పాత కీలు మారిపోతున్నాయా?

పలాసలోని జీడిపప్పు దుకాణానికి ధరల పేజీ తయారు చేసేటప్పుడు గ్రేడు సంఖ్యను కీగా, కిలో ధరను విలువగా పెట్టి వెబ్ పేజీల ప్రోగ్రామింగ్ భాష పీహెచ్‌పీలో అరే (కీ, విలువల జతల జాబితా) రాయడం సహజం. 180, 210, 240, 320 గ్రేడులతో పాటు "బద్ద" అనే కీ కూడా అందులో ఉందనుకుందాం.

సమస్య: కొత్త ధరల అరేను అరే మెర్జ్ ఫంక్షన్‌తో పాతదానికి కలపగానే 180, 210 వంటి కీలు పోయి, వాటి స్థానంలో 0, 1, 2 వస్తాయి. ధరలన్నీ ఉంటాయి గానీ, ఏ ధర ఏ గ్రేడుదో తెలియదు. ఎర్రర్ ఏదీ రాదు కాబట్టి, ఈ తప్పు నేరుగా కొనుగోలుదారు కంటపడే ప్రమాదం ఉంది.

కారణం: కీని కొటేషన్ గుర్తుల మధ్య "180" అని రాసినా పీహెచ్‌పీ దానిని పూర్ణాంకంగానే దాచుకుంటుంది, అరే మెర్జ్ ఆ పూర్ణాంక కీలను కేవలం వరుస సంఖ్యలుగా భావించి, సున్నా నుంచి కొత్తగా వేస్తుంది. స్ట్రింగ్ కీల, అంటే అక్షరాలతో ఉన్న కీల జోలికి పోదు. అందుకే "బద్ద" చెక్కుచెదరకుండా ఉండి, సంఖ్యలు మాత్రమే మారిపోతాయి. నిర్ధారణకు, అరేలో ఏముందో తెరపై చూపే ప్రింట్ ఆర్ ఫంక్షన్ చాలదు, అది రెండు రకాల కీలనూ ఒకేలా చూపుతుంది. అలాంటిదే అయిన వార్ డంప్ ఫంక్షన్ వాడితే స్ట్రింగ్ కీకి కొటేషన్ గుర్తులు కనిపిస్తాయి, పూర్ణాంక కీకి కనిపించవు.

పరిష్కారం: పీహెచ్‌పీ 5.3 నుంచి ఉన్న అరే రీప్లేస్ ఫంక్షన్ వాడాలి. అది కీలను అలాగే ఉంచి, రెండు అరేల్లోనూ ఉన్న కీకి రెండో అరేలోని ధరను తీసుకుంటుంది. ప్లస్ గుర్తు కూడా కీలను కాపాడుతుంది గానీ, ఎడమవైపు విలువనే నిలుపుతుంది కనుక 240 గ్రేడుకు కొత్త ధర వచ్చినా పాతదే మిగులుతుంది; ధరల జాబితాకు అది తగదు. వీలైతే మొదటి నుంచీ "డబ్ల్యూ180" అన్నట్లు అక్షరంతో మొదలయ్యే కీలు పెట్టుకోవడమే నా దృష్టిలో అన్నిటికన్నా భద్రమైన మార్గం.

సమస్య: ఖాళీ చతురస్ర బ్రాకెట్లతో కొత్త ధర చేర్చితే, ఎక్కడా లేని 321 గ్రేడు పుట్టుకొస్తుంది.

కారణం, పరిష్కారం: కీ చెప్పకపోతే పీహెచ్‌పీ అప్పటివరకు వాడిన అతిపెద్ద పూర్ణాంక కీకి ఒకటి కలుపుతుంది. బ్రాకెట్లలో కీని స్పష్టంగా రాస్తే సరిపోతుంది.

సమస్య: ఫంక్షన్ లోపల చేర్చిన సరుకు బయట కనిపించదు.

కారణం, పరిష్కారం: ఫంక్షన్‌కు ఇచ్చిన అరేలో చేసే మార్పు దాని నకలుకే పరిమితమవుతుంది. మారిన అరేను రిటర్న్ చేసి, బయట అదే వేరియబుల్‌లోకి తీసుకోవాలి.