పిల్లల్ని అప్పగించి పెళ్లిరోజున ఇద్దరే బయటికెళ్లడం ఎలా

పెళ్లిరోజున ఎక్కడికెళ్లాలా అని వారం రోజులు వెతికి, పిల్లల్ని ఎవరి దగ్గర ఉంచాలన్నది ముందురోజు రాత్రి తేల్చే జంటలే ఎక్కువ. ఇది తిరగేసి చేయాలి. ఎక్కడికెళ్లినా రోజు బాగానే గడుస్తుంది. అప్పగింత కుదరకపోతే మాత్రం మనిషి ఇక్కడ, మనసు అక్కడ అయి మధ్యాహ్నం మూడింటికల్లా ఇంటిదారి పడతారు. అందుకే ఇక్కడ సగానికి పైగా అప్పగింత గురించే ఉంటుంది.

రెండు మూడు వారాల ముందు

పెళ్లిరోజు వారం మధ్యలో పడితే ఆ రోజే వెళ్లాలని పట్టుబట్టకండి. పిల్లల్ని చూసుకునేవాళ్లకు ఏ రోజు వీలైతే ఆ రోజే వెళ్లండి. దాంతోపాటు ఇంకో తేదీ కూడా అనుకుని ఉంచుకోండి. డబ్బు కట్టి బుక్ చేసేవి ఏవైనా ఉంటే రద్దు చేసుకోవడానికి వీలున్నవే చూడండి.

పిల్లలకు ఒంట్లో బాగోకపోతే ఏం చేయాలన్నది కూడా ఇప్పుడే తేల్చుకోవాలి. ఆ ఉదయం కూర్చుని తేల్చుకోబోతే ఒకరికి వెళ్లాలని ఉంటుంది, ఒకరికి ఉండిపోవాలని ఉంటుంది. పెళ్లిరోజు గొడవ మొదలయ్యేది అక్కడే. జ్వరం 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారన్‌హీట్, లేదా అంతకు మించి ఉన్నా, వాంతులు, విరేచనాలు అవుతున్నా ప్రయాణం వాయిదా. ముక్కు కారుతున్నా హుషారుగా ఆడుకుంటూ, తింటూ ఉంటే వెళ్లొచ్చు.

పనులు పంచుకునేటప్పుడు ఒక జాగ్రత్త. పిల్లల ఏర్పాట్లు ఒకరివి, ఆ రోజు ప్రోగ్రామ్ ఇంకొకరిది. రెండూ ఒకరి నెత్తినే పడితే, వాళ్లకు అది సెలవు కాదు, అదనపు డ్యూటీ.

ఎవరికి అప్పగించాలి

మూడేళ్లలోపు పిల్లలైతే చూసుకునేవాళ్లనే మీ ఇంటికి పిలవండి. వాళ్ల మంచం, వాళ్ల కంచం, అలవాటైన బాత్రూమ్ ఉంటే సగం పేచీ తగ్గుతుంది. అయిదారేళ్లు దాటిన వాళ్లకు వేరే ఇంటికి వెళ్లడమే సరదా. ఇద్దరు పిల్లల్ని రెండిళ్లలో దింపాలని చూడకండి. దింపడానికీ, తీసుకురావడానికీ అయ్యే సమయం మీ రోజులోంచే పోతుంది.

మనిషి కొత్తవాళ్లైతే రెండు రిహార్సల్స్ తప్పనిసరి. మొదటిసారి మీరు పక్క గదిలో ఉండి ఒక గంట వాళ్లకు వదిలేయండి. రెండోసారి బయటికెళ్లి మూడు గంటల తర్వాత రండి, ఆ మధ్యలో ఒక తిండి, ఒక కునుకు వచ్చేలా చూసుకోండి. తొమ్మిదో నెల చుట్టుపక్కల నుంచి ఏడాదిన్నర దాకా పిల్లలు తల్లిదండ్రులు కనబడకపోతే గట్టిగా ఏడుస్తారు, అది ఆ వయసు లక్షణం. ఆ వయసు బిడ్డకు రిహార్సల్ లేకుండా ఎనిమిది గంటలు దూరంగా ఉండటం ఇద్దరికీ నరకమే.

డబ్బు తీసుకుని చూసేవాళ్లతో గంటలు, ఆలస్యమైతే ఎంత అదనం అన్నది ముందే మాట్లాడుకోండి. అమ్మమ్మో పిన్నో అయితే ఆ లెక్క ఉండదు కాబట్టే ఇంకా జాగ్రత్తగా ఉండాలి. పిల్లల తిండి వండి పెట్టి వెళ్లండి. ‘ఎలాగూ ఇంట్లోనే ఉంటావుగా’ అంటూ బట్టలు మడతపెట్టే పని తగిలించారో, వచ్చే ఏడాది వాళ్లకు వీలుపడదు.

పాలు తాగే బిడ్డ ఉంటే

పూర్తిగా తల్లిపాల మీదే ఉన్న బిడ్డకు తల్లి దూరంగా ఉన్న ప్రతి గంటకూ 30 నుంచి 45 మిల్లీలీటర్ల పాలు అనుకోండి. ఆరు గంటలకు 180 నుంచి 270 దాకా అవుతుంది, ఇంకో 60 ఎక్కువ ఉంచండి. 60, 90 చొప్పున చిన్న సీసాల్లో పోయాలి. బిడ్డ నోరు పెట్టి వదిలేసిన పాలను రెండు గంటల్లో వాడకపోతే పారబోయాల్సిందే, అందుకే పెద్ద సీసా అంటే వృథా. తాజాగా పిండిన పాలు 25 డిగ్రీల సెల్సియస్ మించని గదిలో నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు ఆగుతాయి. మైక్రోవేవ్‌లో వేడి చేయవద్దని చూసుకునేవాళ్లకు గట్టిగా చెప్పండి, పాలు ఒకచోట చల్లగా, ఒకచోట నోరు కాలేంత వేడిగా అవుతాయి. గోరువెచ్చని నీళ్లలో సీసా పెడితే చాలు.

సీసా అలవాటు వెళ్లే రోజున చేస్తే కుదరదు. కనీసం రెండు వారాల ముందే మొదలుపెట్టాలి, అదీ తల్లి కాకుండా వేరేవాళ్లు పట్టాలి. పక్కనే అమ్మ వాసన తగులుతుంటే ఏ బిడ్డా సీసా పట్టుకోదు.

తల్లి సంగతి చాలామంది మరిచిపోతారు. మూడు నాలుగు గంటలకోసారి పాలు పిండకపోతే రొమ్ములు రాయిలా గట్టిపడి నొప్పి మొదలవుతుంది, రవిక తడుస్తుంది. చిన్న హ్యాండ్ పంప్, గడ్డకట్టించిన ఐస్ ప్యాక్‌లు పెట్టిన సంచి వెంట ఉండాలి. ఆ సంచిలో పాలు 24 గంటల దాకా ఆగుతాయి. వెళ్లే చోట తలుపు వేసుకునే గది ఉందో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

ఫ్రిజ్ మీద అంటించే కాగితం

ఫోన్‌లో మెసేజ్ పెడితే చాలదు. పిల్ల ఏడుస్తుంటే పాత మెసేజ్‌లు వెతుక్కునే తీరిక ఎవరికుంటుంది? ఒక్క కాగితం, పెద్ద అక్షరాలు. అందులో ఉండాల్సింది ఇలా:

చిన్నది: బరువు 12 కిలోలు. వేరుశనగ పడదు, బిస్కెట్ ప్యాకెట్ మీద కూడా చూడాలి.
12:30 అన్నం. 1:15 పడక, పచ్చ దుప్పటి ఉంటేనే నిద్ర. 3 గంటలకు లేపేయాలి.
ద్రాక్ష నిలువుగా నాలుగు ముక్కలు చేసి ఇవ్వాలి.
జ్వరం మందు: ఎర్ర మూత సీసా, ఎన్ని మి.లీ. ఇవ్వాలో సీసా మీద రాశాం. ఇచ్చే ముందు మాకు ఫోన్.
మా ఇద్దరి నంబర్లు, డాక్టర్ నంబరు, పక్కింటివాళ్ల నంబరు, ఈ ఇంటి పూర్తి అడ్రసు.

అడ్రసు ఎందుకంటే, అంబులెన్స్‌కు ఫోన్ చేసే కంగారులో తెలిసిన ఇంటి నంబరు కూడా నోటికి రాదు. మందు సీసా ఒక్కటే బయట ఉంచి, మిగతావి లోపల పెట్టేయండి. ఎందుకంటే, జ్వరానికి వాడే పారాసిటమాల్ సిరప్ 5 మి.లీ.లో 120 మిల్లీగ్రాములున్నదీ ఉంటుంది, 250 ఉన్నదీ ఉంటుంది. చుక్కల మందు ఇంకా చిక్కన. ‘ఒక చెంచా వెయ్యి’ అన్న మాట ఒక సీసాకు సరిపోతే, ఇంకో సీసాకు రెట్టింపు మోతాదు అవుతుంది. మీ డాక్టర్ బరువును బట్టి చెప్పిన కొలతే మి.లీ.లలో రాయండి, సీసాతో వచ్చిన కొలత సిరంజి పక్కనే పెట్టండి.

గుమ్మం దగ్గర

చూసుకునేవాళ్లు ముప్పావుగంట ముందు రావాలి. మొదటి పావుగంట మీరు మాట్లాడండి, తర్వాత వాళ్లను పిల్లలతో ఏదో ఒక పనిలో పెట్టండి, బొమ్మలు వేయడమో, గిన్నెలో నీళ్లు పోసి ఆడటమో. చెప్పకుండా జారుకోవడం పెద్ద పొరపాటు. ఆ పూటకు ఏడుపు తప్పినట్టే ఉంటుంది కానీ, ఆ తర్వాత మీరు స్నానానికి వెళ్లినా పిల్ల తలుపు దగ్గరే కాపలా కాస్తుంది.

గడియారం చూపించి ఆరింటికి వస్తామంటే మూడేళ్ల పిల్లకు ఏం తెలుస్తుంది? ‘నువ్వు అన్నం తిని, బజ్జుని, లేచి పాలు తాగాక ఆడుకుంటూ ఉంటావా, అప్పుడు అమ్మా నాన్నా వచ్చేస్తారు’ అనాలి. ఒక ముద్దు, ఒక టాటా, తలుపు. మెట్ల మీద ఏడుపు వినబడితే వెనక్కి వెళ్లకండి. వెళ్తే ఏడ్చి పిలిస్తే వస్తారని లెక్క తేలిపోతుంది, రెండో ఏడుపు మొదటిదానికంటే పొడుగ్గా ఉంటుంది. పావుగంట తర్వాత ‘ఊరుకుంది’ అని ఒక్క మెసేజ్ పెట్టమని ముందే చెప్పుకోండి.

బయట

పదింటికి బయల్దేరి ఆరింటికి రావాలంటే చేతిలో ఎనిమిది గంటలున్నట్టు కనిపిస్తుంది. రానూపోనూ రెండు గంటలు, భోజనం గంటన్నర, పార్కింగూ క్యూలూ ఒక గంట, ముందుగా ఇల్లు చేరడానికి అరగంట తీసేస్తే మిగిలేది మూడు గంటలు. అందులో ఒక్క పెద్ద పనే పడుతుంది. సినిమా, షాపింగ్, గుడి, తోట అన్నీ పెట్టుకుంటే రోజంతా బండిలోనే. ఇంటి నుంచి గంట ప్రయాణానికి మించి వెళ్లకండి, పిలుపు వస్తే అందుకోగలగాలి. మ్యూజియంలాంటి వాటికి వారానికో రోజు సెలవుంటుంది, చూసుకోండి. కొత్త చెప్పులు ఆ రోజుకు వద్దు.

ఫోన్లలో డు నాట్ డిస్టర్బ్ పెట్టి, చూసుకునేవాళ్ల నంబరుకు మాత్రం మినహాయింపు ఇవ్వండి. వేరే నంబరు నుంచి చేయాల్సి వస్తే వెంటవెంటనే రెండుసార్లు చేయమనండి. ఒకే నంబరు నుంచి ఐఫోన్‌కు మూడు నిమిషాల్లోపు, ఆండ్రాయిడ్‌కు పదిహేను నిమిషాల్లోపు రెండో కాల్ వస్తే మోగేలా సెట్టింగ్ ఉంటుంది, అది ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. చిన్నపిల్లలకు మధ్యలో వీడియో కాల్ చేయొద్దు. హాయిగా ఆడుకుంటున్న పిల్ల మీ మొహం చూడగానే మళ్లీ మొదలుపెడుతుంది. ఇంట్లో కెమెరా ఉంటే దాన్ని చూడటం కూడా మానేయండి, అవతల ఉన్నది మీరు నమ్మి పిలిచిన మనిషి.

పిల్లల ఊసు ఎత్తకూడదని ఒట్టు పెట్టుకునే జంటలుంటాయి. అది పది నిమిషాలు కూడా నిలవదు. బండిలో వెళ్లేటప్పుడు స్కూలు, ఫీజులు, పంటి డాక్టరు అన్నీ మాట్లాడేసుకోండి, దిగేసరికి సరుకు అయిపోతుంది. డబ్బు లెక్కలు, అత్తింటి పుట్టింటి తగాదాలు మాత్రం బండిలోనూ వద్దు.

ఇద్దరూ నిద్రకు మొహం వాచి ఉంటే, గది తీసుకుని రెండు గంటలు పడుకోవడం కూడా మంచి ప్రోగ్రామే. పిల్లల్ని బయటికి పంపి మీరు ఇంట్లో ఉంటామంటే మాత్రం ఆలోచించుకోండి. ఉతకాల్సిన బట్టల కుప్ప కంటపడుతుంది, కాసేపటికి ఒకరు వాషింగ్ మెషీన్ దగ్గర తేలతారు.

తిరిగొచ్చాక

చెప్పిన టైముకు పదిహేను ఇరవై నిమిషాలు ముందే రండి. రోజంతా బుద్ధిగా ఉన్న పిల్ల మిమ్మల్ని చూడగానే ఏడుపందుకుంటే, సరిగ్గా చూసుకోలేదని అనుమానపడకండి. అప్పటిదాకా బిగబట్టుకున్నది మీ దగ్గరే వదులుతుంది. ఒకరు పిల్లల దగ్గర కూర్చోండి, ఇంకొకరు చూసుకున్నవాళ్లను మూడు ప్రశ్నలు అడగండి: ఏం తింది, ఎంతసేపు పడుకుంది, మందేమైనా ఇచ్చారా, ఇస్తే ఎన్నింటికి? మూడోదానికి జవాబు ఆ కాగితం మీదే రాసి పెట్టుకోండి. రాత్రి జ్వరం వస్తే తర్వాతి మోతాదు ఎప్పుడు వేయాలో ఆ టైమును బట్టే లెక్క.