పిలుపుతోనే సీను: ఇంప్రోవ్ మొదటి క్లాసు నడపడం

రాసిపెట్టుకున్న మాటల్లేకుండా అప్పటికప్పుడు సీను అల్లి నటించడమే ఇంప్రోవ్. "అవును, ఇంకా" అన్నది అందులో మొదటి సూత్రం. జోడీ ఏమన్నా నిజమని ఒప్పుకుని, దానికి ఇంకోటి కలపాలి. వింటే అందరికీ అర్థమవుతుంది, సీనులోకి దిగాక ఎవరికీ గుర్తుండదు. అందుకే ఉపన్యాసం మాని ఆటతో మొదలుపెట్టండి. షికాగోలో వయోలా స్పోలిన్ నటన నేర్పింది ఆటలతోనే. ఆమె కొడుకు పాల్ సిల్స్ 1959లో మరో ఇద్దరితో కలిసి సెకండ్ సిటీ అనే ఇంప్రోవ్ కామెడీ థియేటర్ పెట్టినప్పుడు ఆ ఆటలే పునాది.

పది పన్నెండు మందికి రెండు గంటలు సరిపోతాయి. మొదటి 15 నిమిషాలు గుండ్రంగా నిలబెట్టి చప్పట్లు అందించే ఆట ఆడించండి: ఇచ్చేవాళ్లూ అందుకునేవాళ్లూ కళ్లలోకి చూస్తూ ఒకేసారి కొట్టాలి. చూపు కలవకపోతే చప్పుడు రెండుగా వినిపిస్తుంది, తప్పెక్కడో ఎవరూ చెప్పక్కర్లేదు.

తర్వాత జోడీలు. మొదటి మాటలోనే ఎవరు, ఎక్కడ, ఏం జరుగుతోందో తేలాలి. "హాయ్, ఏం చేస్తున్నావ్?" అంటే భారమంతా అవతలివాడి మీద పడేసినట్టే. తెలుగులో మనకో సౌకర్యం ఉంది, పిలుపే చుట్టరికం చెప్పేస్తుంది.

"బావా, ఆ బిందె ఇటివ్వు! ట్యాంకర్ కదిలిపోతోంది."
"మీ అక్క ఇందులో మినప్పప్పు నానబోసిందిరా, ఇవ్వను."

ఇక్కడ "ఇవ్వను" అన్నా తప్పు లేదు. బిందె ఉంది, బావమరిది ఉన్నాడు, పైగా కొత్త చిక్కొకటి వచ్చింది. "బిందెక్కడిది, నేను నీ బావనేం కాదు" అంటే మాత్రం సీను అక్కడే చచ్చిపోతుంది. పాత్ర కాదనొచ్చు, నటుడు కాదనకూడదు. ఈ తేడా పట్టుబడేదాకా రెండు మాటల సీన్లే చేయించండి, ఒక్కో జోడీకి కనీసం ఐదు.

తర్వాతి మెట్టు హోదా, అంటే సీనులో ఎవరు పైన, ఎవరు కింద అన్నది. నాటక దర్శకుడు కీత్ జాన్‌స్టన్ లండన్‌లో పట్టుకున్న ఈ కిటుకుకి మన "మీరు–నువ్వు" కంటే మంచి పనిముట్టు దొరకదు. ఆఫీసు కౌంటరు దగ్గర ఇద్దరిని నిలబెట్టండి. గుమస్తా "మీరు"తో మొదలుపెట్టి "నువ్వు"కీ, చివరికి "ఏరా"కీ దిగాలి. వచ్చినవాడు "ఏమయ్యా" నుంచి "సార్" దాకా ఎక్కాలి. గొంతు పెంచకూడదు. పెంచితే మామూలు తగువైపోతుంది, నవ్వు రాదు. పిలుపు మారిన క్షణంలోనే నవ్వు పుడుతుంది.

మన క్లాసుల్లో అసలు తెగులు సినిమా డైలాగు. గుర్తుపట్టిన జనం నవ్వుతారు, జోడీకి మాత్రం బదులివ్వడానికి ఏమీ మిగలదు. మొదటి నెల నిషేధించండి. పొరపాటున దొర్లితే ఆపొద్దు. "వీడెప్పుడూ ఇలాగే మాట్లాడతాడు" అని జోడీ దాన్ని పాత్ర అలవాటుగా తీసుకోవాలి. అవధానంలో అప్రస్తుత ప్రసంగి విసిరే కొంటె ప్రశ్నని అవధాని తోసెయ్యకుండా అందుకుని తిప్పికొట్టడం చూడండి, అదే పని.

సీను నడుస్తుండగా పక్కనుంచి రెండు మూడు మాటలే అందించండి: "పేరు పెట్టి పిలువు", "చేతిలో బరువు చూపించు" (బిందె ఊహలోదే కదా). వాళ్లు మీ వైపు తిరక్కూడదు. రెండు మూడు నిమిషాల్లో పెద్ద నవ్వు రాగానే కట్ చెయ్యండి. ఇంకో నవ్వు కోసం ఆగితే ఇద్దరూ బిక్కమొహాలేస్తారు. తర్వాత ఒక్కొక్కరికి ఒక్క లోపమే చెప్పండి, అదీ కంటికి కనిపించింది: "ఇందాక బిందె పెట్టిన చోటు మీంచే నడిచెళ్లావు."